ఖాతా తెరుచుకుంది, మెయిల్ మాత్రం వెళ్లలేదు: ఎర్రర్‌ను ఎక్కడ పట్టుకోవాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ముందుగా చెబుతాను. మీ రిజిస్ట్రేషన్ పేజీలో యూజర్ వివరాలు డేటాబేస్‌లో సేవ్ అయిన వెంటనే, అదే రిక్వెస్టులో ధ్రువీకరణ మెయిల్ పంపుతున్నారు. మెయిల్ సర్వర్ పలకని రోజున పేజీ చాలాసేపు లోడ్ అవుతూ ఉండి చివరకు 500 ఎర్రర్ చూపించేది. యూజర్ మళ్లీ ప్రయత్నిస్తే "ఈ చిరునామాతో ఖాతా ఇప్పటికే ఉంది" అనేది. దాన్ని సరిచేయడానికి మెయిల్ పంపే లైను చుట్టూ ఎర్రర్‌ను పట్టుకునే ట్రై-క్యాచ్ పెట్టి, ఎర్రర్‌ను లాగ్‌లో రాసి ముందుకు వెళ్లిపోతున్నారు. ఇప్పుడు ఎర్రర్ పేజీ రావడం లేదు గానీ, మెయిల్ అందని ఖాతాలు పోగుపడుతున్నాయి. వాటిలో చాలావాటికి లాగ్‌లో కూడా ఏ ఎర్రరూ లేదు. ఎర్రర్ రాకుండా మెయిల్ ఎలా మాయమవుతుంది, ఆ క్యాచ్‌లో అసలు ఏం రాయాలి అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే, ఆ క్యాచ్‌లో ఏం రాసినా మీ సమస్య తీరదు. మెయిల్ పంపడాన్ని మనం ఒక ఫంక్షన్ కాల్‌గా చూసి, ఎర్రర్ రాకపోతే వెళ్లినట్టు, వస్తే వెళ్లనట్టు అనుకుంటాం. నిజానికి మెయిల్ చేతులు మారుతూ వెళ్తుంది: మీ కోడ్ నుంచి మీరు వాడే మెయిల్ సర్వర్‌కు, అక్కడి నుంచి గ్రహీత సర్వర్‌కు, అక్కడి వడపోతలన్నీ దాటాక ఇన్‌బాక్స్‌కో స్పామ్ ఫోల్డర్‌కో. వీటిలో మొదటి మార్పిడిలో జరిగిన పొరపాటు ఒక్కటే మీ క్యాచ్‌కు కనిపిస్తుంది. కాబట్టి ప్రతి దశలోనూ "ఈ క్షణాన ఈ మెయిల్ బాధ్యత ఎవరిది" అని అడుగుతూ పోవాలి. కింద నేను చెప్పేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా ఎర్రర్ లేకుండా మాయమైన మెయిళ్ల సంగతి చూద్దాం. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 821 (ఇంటర్నెట్ సాంకేతిక పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలంటారు) నుంచీ, మెయిల్ సర్వర్లు మాట్లాడుకునే ఎస్‌ఎంటీపీ ప్రోటోకాల్‌లో నడుస్తున్న పద్ధతిని 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5321 మరింత స్పష్టంగా చెబుతుంది: మెయిల్ మొత్తం అందుకున్నాక సర్వర్ 250 అని జవాబిస్తే, ఆ మెయిల్‌ను చేర్చే బాధ్యతను, చేర్చలేకపోతే పంపినవారికి ఆ మాట తిరిగి చెప్పే బాధ్యతను అది స్వీకరించినట్టు. గ్రహీతకు అందిందన్న హామీ అందులో ఎక్కడా లేదు. పీహెచ్‌పీలోని మెయిల్ ఫంక్షన్ ట్రూ అని తిరిగిచ్చినా అర్థం అంతే. మెయిల్‌ను ముందుకు పంపడానికి తీసుకున్నారని మాత్రమే, చేరిందని కాదని దాని డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంటుంది. పైథాన్‌లోని ఎస్‌ఎంటీపీలిబ్ ఇంకో మెలిక పెడుతుంది. ఒకే మెయిల్‌ను ముగ్గురికి పంపినప్పుడు సర్వర్ ఇద్దరిని మాత్రమే తిరస్కరిస్తే మీ క్యాచ్‌కు చిక్కే ఎక్సెప్షన్ రాదు. తిరస్కరణకు గురైనవారి పేర్లు ఒక డిక్షనరీలో తిరిగి వస్తాయి. అందరినీ తిరస్కరించినప్పుడే ఎక్సెప్షన్ వస్తుంది. ఆ డిక్షనరీని తెరిచి చూసే కోడ్ నాకు చాలా అరుదుగా కనబడింది. మీ లాగ్ ఖాళీగా ఉండడానికి కారణం ఇదే: మీ చేతి నుంచి మెయిల్ సురక్షితంగా దాటింది, తప్పు ఆ తరువాత జరిగింది, ఆ మాట తిరిగి వినే చోటు మీ అప్లికేషన్‌లో లేదు.

ఇక పేజీ ఆగిపోయిన విషయం. ఆర్‌ఎఫ్‌సీ 5321 సూచించే గడువులు సర్వర్ల మధ్య సంభాషణకు ఉద్దేశించినవి. మొదటి పలకరింపు కోసం 5 నిమిషాలు, మెయిల్ అంతా పంపాక చివరి జవాబు కోసం 10 నిమిషాలు వేచి ఉండమంటుంది. లైబ్రరీలు కూడా ఇంచుమించు ఇదే ఉదారతను పాటిస్తాయి. పీహెచ్‌పీమెయిలర్ డిఫాల్ట్ గడువు 300 సెకన్లు, నోడ్‌మెయిలర్ కనెక్షన్ కోసం 2 నిమిషాలు ఆగుతుంది, జాంగోలో మీరు సెట్ చేయకపోతే గడువే ఉండదు. మరోవైపు మీ కోడ్‌కు ముందు నిలబడే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ డిఫాల్ట్‌గా 60 సెకన్లకు విసుగుపడి యూజర్‌కు 504 (గడువు తీరిన) ఎర్రర్ చూపిస్తుంది, వెనక మీ ప్రాసెస్ మాత్రం ఇంకా మెయిల్ సర్వర్ కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. ఇలాంటి రిక్వెస్టులు ఎనిమిది వచ్చి మీ ఎనిమిది ప్రాసెస్‌లనూ పట్టుకుంటే, మెయిల్‌తో ఏ సంబంధమూ లేని హోమ్ పేజీ కూడా తెరుచుకోదు. గడువును 5 సెకన్లకు తగ్గిస్తే సరిపోతుందని అనిపిస్తుంది, కానీ అలా తొందరపడితే వేరే తలనొప్పి పుడుతుంది. దాని సంగతి డూప్లికేట్ల దగ్గర చెబుతాను.

అందువల్ల రిక్వెస్టులో మెయిల్ పంపకండి, పంపాలన్న నిర్ణయాన్ని రాసి పెట్టండి. యూజర్ రికార్డును సేవ్ చేసే ట్రాన్సాక్షన్‌లోనే "పంపవలసిన మెయిళ్లు" అనే టేబుల్‌లో ఒక రికార్డు చేర్చండి. రెండూ కలిసి కమిట్ (ఖరారు) అవుతాయి, లేదా రెండూ కలిసి రద్దవుతాయి. ఖాతా ఉండి మెయిల్ మరిచిపోవడం గానీ, ఖాతా లేకుండా మెయిల్ వెళ్లడం గానీ అసాధ్యమవుతుంది. దీనినే ఔట్‌బాక్స్ పద్ధతి అంటారు. వెనక విడిగా నడిచే ఒక ప్రోగ్రామ్, అంటే వర్కర్, ఆ టేబుల్‌ను చదువుతూ మెయిళ్లు పంపుతుంది.

"డేటాబేస్ బయట ఉండే రెడిస్ క్యూలో (పనుల వరుసలో) నేరుగా వేస్తే పోదా, మధ్యలో ఈ టేబుల్ ఎందుకు" అని మీకు అనిపించవచ్చు. కమిట్‌కు ముందు క్యూలో వేస్తే, వర్కర్ మీ కన్నా చురుకుగా ఉన్న రోజున యూజర్ రికార్డు ఇంకా కనబడకముందే పని మొదలుపెట్టి "యూజర్ దొరకలేదు" అని పడిపోతుంది. ట్రాన్సాక్షన్ రద్దయితే లేని ఖాతాకు స్వాగతం పలుకుతూ మెయిల్ వెళ్తుంది. కమిట్ తరువాత వేస్తే, జాంగోలో ఆన్-కమిట్ అలాంటిదే, ఆ రెండు సమస్యలూ తీరుతాయి. కానీ కమిట్‌కూ క్యూకూ మధ్య ఉన్న సన్నని సందులో ప్రాసెస్ చనిపోతే ఆ మెయిల్ గురించి ఎవరికీ గుర్తుండదు. చిన్న అప్లికేషన్‌కు ఆన్-కమిట్ చాలు అనేవారితో నేను గట్టిగా వాదించను. అయితే టేబుల్ పెట్టడానికి అయ్యే శ్రమ ఒక పూట, "ఈ యూజర్‌కు మెయిల్ ఏమైంది" అని ఎవరైనా అడిగితే ఒక్క క్వెరీతో జవాబు చెప్పగలగడం దాని మీద వచ్చే వడ్డీ.

ఆ టేబుల్‌లో గ్రహీత చిరునామా, టెంప్లేట్ పేరు, దానికి కావలసిన డేటా, స్థితి, ఎన్నిసార్లు ప్రయత్నించాం, తరువాతి ప్రయత్నం ఎప్పుడు, ఎప్పటికి కాలం చెల్లుతుంది, సర్వర్ చివరిగా అన్న మాట యథాతథంగా, ముందుగానే తయారు చేసిన మెసేజ్-ఐడీ (మెయిల్‌కు ఉండే ప్రత్యేక గుర్తింపు) ఉండాలి. ఒకటికి మించిన వర్కర్లు నడిపితే ఒకే రికార్డును ఇద్దరు ఎత్తుకోకుండా పోస్ట్‌గ్రెస్‌లో 9.5 నుంచి, మైఎస్‌క్యూఎల్‌లో 8.0 నుంచి ఉన్న, వేరొకరు పట్టుకున్న రికార్డులను దాటవేసే స్కిప్-లాక్డ్ సదుపాయం సరిగ్గా సరిపోతుంది. పాస్‌వర్డ్ రీసెట్ టోకెన్లను (లింకులో ఉండే రహస్య సంకేతాలను) మాత్రం ఈ టేబుల్‌లో దాచకండి. పంపే క్షణంలో తయారు చేసి, దాని హ్యాష్‌ను (వెనక్కి మార్చలేని రూపాన్ని) మాత్రమే భద్రపరచండి.

ఇప్పుడు అసలు కష్టమైన భాగం: వర్కర్‌కు ఎర్రర్ వచ్చినప్పుడు ఏం చేయాలి? ఎస్‌ఎంటీపీలో 4తో మొదలయ్యే జవాబు తాత్కాలికం, 5తో మొదలయ్యేది శాశ్వతం అని అందరూ నేర్చుకుంటాం. 421 అంటే సర్వర్ ప్రస్తుతం సేవలు ఇవ్వలేదు, 452 అంటే చోటు చాలదు, ఇలాంటివి మళ్లీ ప్రయత్నిస్తే తీరేవి. 450 లేదా 451 వచ్చినప్పుడు అవతల గ్రేలిస్టింగ్ ఉండవచ్చు. అంటే, పరిచయం లేని పంపే సర్వర్‌ను మొదటిసారి కావాలనే తిప్పి పంపి, కాసేపాగి మళ్లీ వస్తే లోపలికి రానిస్తారు. స్పామ్ పంపేవాడికి అంత ఓపిక ఉండదన్న నమ్మకం మీద 2003 నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. అలాంటి సర్వర్‌కు మీరు 10 సెకన్ల వ్యవధిలో మూడుసార్లు ప్రయత్నించి చేతులెత్తేస్తే, ఆ గ్రహీతకు మీ మెయిల్ ఎప్పటికీ అందదు.

5తో మొదలయ్యేవాటి దగ్గరే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు, ఎందుకంటే శాశ్వతం అన్న మాట ఎవరి విషయంలో శాశ్వతమో చెప్పదు. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ఎవరో మెయిల్ సర్వర్ పాస్‌వర్డ్ మార్చి, ఆ కొత్త పాస్‌వర్డ్‌ను కాన్ఫిగరేషన్‌లో పెట్టడం మరిచిపోయారు. ఆ రాత్రంతా వర్కర్‌కు ప్రతి మెయిల్ దగ్గరా 535 ఎదురైంది. 535 అంటే లాగిన్ తిరస్కరణ. 5తో మొదలైంది కనుక ఇది చెడ్డ చిరునామా అని తేల్చుకుని, వర్కర్ ఒక్కొక్కరినే "ఇక పంపకూడనివారు" అనే జాబితాలో చేర్చుకుంటూ పోయింది. తెల్లవారేసరికి, అంతకు ముందు రోజు మా సైటును వాడిన ప్రతి ఒక్కరూ ఆ జాబితాలో ఉన్నారు. ఆ కోడ్ రాసింది నేనే.

ఆ అనుభవం తరువాత నేను ప్రతి వైఫల్యాన్నీ తప్పు ఎవరిదన్న దాన్ని బట్టి విడదీస్తున్నాను. ఇందుకు మూడంకెల కోడ్ కన్నా, దాని పక్కన వచ్చే 5.1.1 వంటి విస్తృత కోడ్ ఎక్కువ ఉపయోగపడుతుంది. 2003 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3463 వీటిని నిర్వచిస్తుంది. "550 5.1.1" వస్తే ఆ పేరుతో మెయిల్‌బాక్స్ లేదు, ఆ చిరునామాకు ఇక పంపకూడదు. అదే "550 5.7.1" వస్తే విధానపరమైన తిరస్కరణ, తప్పు మీ డొమైన్ సెట్టింగ్స్‌లోనో, మీ ఐపీ చిరునామాకున్న మంచిచెడ్డ పేరులోనో, మెయిల్‌లోని సమాచారంలోనో ఉంది, ఆ మనిషి చిరునామాకు ఏ దోషమూ లేదు. 5.2.2 అంటే మెయిల్‌బాక్స్ నిండింది. శాశ్వతమని సర్వర్ అన్నా, రేపటికి ఖాళీ కావచ్చు. 535 గానీ, కనెక్షనే కుదరకపోవడం గానీ వస్తే ఆ ఒక్క మెయిల్‌ను విఫలమైందని గుర్తించడం కూడా తప్పే. మొత్తం క్యూను ఆపి, మనిషిని పిలవాలి. లేకపోతే వేలాది మెయిళ్లు తమవి కాని తప్పుకు తమ ప్రయత్నాల లెక్కను ఖర్చు పెట్టేసుకుంటాయి. టెంప్లేట్‌లో వేరియబుల్ లేక వచ్చే ఎర్రర్ ఇంకొక రకం. అది మీ బగ్, వందసార్లు ప్రయత్నించినా మారదు, వెంటనే పక్కన పెట్టి కోడ్ సరిదిద్దుకోవాలి.

ఎంతసేపటికి ఒకసారి ప్రయత్నించాలి అన్నదానికి ఆర్‌ఎఫ్‌సీ 5321 సర్వర్లకు చెప్పే సలహా కనీసం 30 నిమిషాల విరామం, 4–5 రోజులకు విరమణ. మీరు ఒక నిమిషం, ఐదు నిమిషాలు, అరగంట, రెండు గంటలు అన్నట్టు విరామాన్ని పెంచుకుంటూ, ప్రతిదానికీ కొంత యాదృచ్ఛిక తేడా కలపండి; లేకపోతే సర్వర్ కోలుకున్న క్షణాన ఆగిపోయిన మెయిళ్లన్నీ ఒకేసారి దాని మీద పడతాయి. అంతకన్నా ముఖ్యం కాలం చెల్లే సమయం. పది నిమిషాల్లో పనికిరాకుండా పోయే ఓటీపీని రెండు గంటల తరువాత విజయవంతంగా చేర్చడం వైఫల్యం కన్నా హీనం. యూజర్ ఈలోగా నాలుగు ఓటీపీలు అడిగి ఉంటాడు, అవన్నీ ఒకేసారి వచ్చి పడితే ఏది చెల్లుతుందో తెలియక తికమకపడతాడు. ఇన్‌వాయిస్ అలా కాదు, రెండు రోజులు ఆలస్యమైనా అందితే చాలు. అందుకే గడువును మెయిల్ రకాన్ని బట్టి పెట్టాలి.

డూప్లికేట్ల గురించి చెబుతానన్నాను. వర్కర్ మెయిల్ మొత్తం పంపింది, మెయిల్ అయిపోయిందని చెప్పే ముగింపు చుక్క కూడా పంపింది, సర్వర్ దాన్ని అందుకుని డిస్క్‌లో రాసుకుంది, 250 అనబోతుండగా మీ గడువు తీరి కనెక్షన్ తెగింది. మీ దృష్టిలో వైఫల్యం, సర్వర్ దృష్టిలో విజయం, మళ్లీ ప్రయత్నిస్తే యూజర్‌కు రెండు మెయిళ్లు. ఇది కొత్త సంగతి కాదు. 1988లోనే ఆర్‌ఎఫ్‌సీ 1047 ఈ ఒక్క సమస్య మీదే రాశారు. చివరి జవాబు కోసం 10 నిమిషాలు ఆగమనడానికి కారణం ఇదే. వెబ్ రిక్వెస్టులో అంతసేపు ఆగలేం, వర్కర్‌లో నిశ్చింతగా ఆగవచ్చు. కనెక్షన్ కోసం 10–15 సెకన్లు, చివరి జవాబు కోసం నిమిషాలు అని వేర్వేరుగా పెట్టుకోండి. ప్రతి ప్రయత్నంలోనూ అదే మెసేజ్-ఐడీ వాడితే, రెండు కాపీలు వెళ్లినా అవి ఒకటేనని గుర్తించే అవకాశం అవతలి వ్యవస్థలకు ఉంటుంది, లాగ్‌లో వెతకడం మీకూ సులభమవుతుంది. హెచ్‌టీటీపీ ఏపీఐ ద్వారా పంపుతుంటే, ఆ సేవ ఐడెంపొటెన్సీ కీని (ఒకే విన్నపం మళ్లీ వస్తే గుర్తుపట్టే సంకేతాన్ని) అంగీకరిస్తుందేమో చూసి, రికార్డు ఐడీనే ఆ కీగా ఇవ్వండి. ఇంత చేసినా సరిగ్గా ఒక్కసారే చేరుతుందన్న హామీ ఈ ప్రోటోకాల్‌లో దొరకదు. కాబట్టి రెండుసార్లు అందినా నష్టం లేని విధంగా మెయిల్‌ను, అందులోని లింకును రూపొందించాలి.

250 వచ్చాక బాధ్యత అవతలివారిది అయినా, వారు తిప్పి పంపే మాట వినడం మీ బాధ్యతే. మెయిల్ చేరలేదని తిరిగి చెప్పే బౌన్స్ సందేశాలు, మెయిల్‌కు పైకవరు లాంటి ఎన్వలప్‌లోని రిటర్న్-పాత్ చిరునామాకు వస్తాయి, యూజర్‌కు కనిపించే ఫ్రమ్ చిరునామాకు కాదు. అక్కడ ఎవరూ చదవని నో-రిప్లై మెయిల్‌బాక్స్ ఉంటే, మీ లాగ్‌లో లేని ఎర్రర్లన్నీ ఇప్పటికీ అక్కడే పడి ఉంటాయి; ముందు ఈ రోజే దాన్ని తెరిచి చూడండి. ప్రతి మెయిల్‌కూ రికార్డు ఐడీ కలిపిన వేరే రిటర్న్-పాత్ ఇస్తే ఏ మెయిల్ తిరిగొచ్చిందో బౌన్స్ సందేశాన్ని చదవకుండానే తెలుస్తుంది. డేనియల్ బెర్న్‌స్టీన్ ప్రతిపాదించిన ఈ పద్ధతిని వీఈఆర్‌పీ అంటారు. అమెజాన్ ఎస్‌ఈఎస్, సెండ్‌గ్రిడ్ వంటి మెయిల్ పంపే సేవలు వాడుతుంటే ఈ పని వెబ్‌హుక్‌లే (ఆ సేవ మీ సైటుకు పంపే కబుర్లే) చేస్తాయి. వీటిని పట్టించుకోకపోతే చనిపోయిన చిరునామాలకు పంపుతూనే ఉంటారు. ఎస్‌ఈఎస్ బౌన్స్ రేటు 5 శాతం దాటితే ఖాతాను సమీక్షలో పెడుతుంది, 10 శాతం దాటితే పంపడమే ఆపివేయవచ్చు.

స్పామ్ ఫోల్డర్ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది కోడ్‌తో తీరేది కాదు. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని అవతలివారు తేల్చుకోవడానికి ఉపయోగపడే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ మూడూ మీ డొమైన్‌కు సరిగ్గా పెట్టండి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారికి 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ మూడింటినీ తప్పనిసరి చేసింది; తక్కువ పంపేవారికైనా మొదటి రెండింటిలో ఒకటి ఉండాల్సిందే. ప్రచార మెయిళ్లను ధ్రువీకరణ మెయిళ్లతో ఒకే సబ్‌డొమైన్ నుంచి పంపకండి.

యూజర్‌కు ఏం చూపించాలి? "మెయిల్ పంపాం" అని భూతకాలంలో చెప్పకండి, అది మీకు తెలియదు. "ఫలానా చిరునామాకు మెయిల్ వస్తుంది" అని, ఆ చిరునామాను పూర్తిగా చూపించి, పక్కనే సరిదిద్దుకునే వీలు, కాసేపటికి పనిచేసే "మళ్లీ పంపు" బటన్ ఇవ్వండి. అందని మెయిళ్లలో కొన్ని యూజర్ స్వయంగా చేసిన అక్షర దోషాలే. బటన్‌కు పరిమితి పెట్టండి, లేకపోతే మీ సైటును వాడుకుని ఎవరైనా మూడోవ్యక్తి ఇన్‌బాక్స్‌ను ముంచెత్తగలరు. పాస్‌వర్డ్ రీసెట్ పేజీలో మాత్రం చిరునామా మన దగ్గర ఉన్నా లేకపోయినా, పంపడం విఫలమైనా కాకపోయినా ఒకే వాక్యం చూపించాలి. మెయిల్ విఫలమైనప్పుడు మాత్రమే వేరే ఎర్రర్ చూపిస్తే, ఎవరికి ఖాతా ఉందో పసిగట్టే దారి తెరిచినట్టే. రిక్వెస్టులోనే పంపితే జవాబుకు పట్టే సమయం కూడా అదే రహస్యాన్ని చెబుతుంది. ఔట్‌బాక్స్ వల్ల ఆ తేడా చాలావరకు తగ్గిపోతుంది.

పర్యవేక్షణకు విఫలమైన మెయిళ్ల సంఖ్య కన్నా, క్యూలో అన్నిటికన్నా పాత రికార్డు వయసు మంచి కొలత. వర్కరే చనిపోతే విఫలమయ్యేవి ఏవీ ఉండవు, వయసు మాత్రం పెరుగుతూ పోతుంది. మెయిల్ పనిచేయడం లేదన్న హెచ్చరికను మెయిల్ ద్వారా పంపే వ్యవస్థలను నేను ఒకటికి మించి చూశాను, దయచేసి మీరు అలా చేయకండి. పరీక్షలకు మెయిల్‌పిట్ వంటి స్థానిక సర్వర్ వాడండి. మామూలుగా వెళ్లే దారి ఒక్కటే కాకుండా, డేటా తరువాత కనెక్షన్ తెంచే సర్వర్, 451 ఇచ్చే సర్వర్, అసలు పలకని సర్వర్, ఈ మూడింటినీ అనుకరించి చూడండి.

ఇప్పటికే మెయిల్ అందక ఆగిపోయిన ఖాతాల విషయానికొస్తే, అన్నిటికీ ఒకేసారి పంపకండి. గత రెండు మూడు వారాల్లో తెరిచినవాటిని మాత్రం తీసుకుని, కొత్త టోకెన్లతో, కొత్తవాటి నుంచి మొదలుపెట్టి నిమిషానికి కొన్ని చొప్పున క్యూలో వేయండి. మొదటి వంద మెయిళ్లలో ఐదు బౌన్స్ అయినా ఆపి కారణం చూడండి. అంతకన్నా పాతవారికి మీరు గుర్తుండకపోవచ్చు, వారు స్పామ్ అని ఫిర్యాదు చేస్తే మిగతావారి మెయిళ్లకూ దెబ్బ తగులుతుంది. వారు తిరిగి వచ్చినప్పుడు "ఖాతా ఇప్పటికే ఉంది" అని తలుపు వేయకుండా, ధ్రువీకరణ కాని ఖాతా అయితే రెండో రిజిస్ట్రేషన్‌ను కొత్త ధ్రువీకరణ మెయిల్ కోసం వచ్చిన విన్నపంగా తీసుకోండి. అప్పుడు మొదటిసారి ఇచ్చిన పాస్‌వర్డ్‌ను మాత్రం అలాగే ఉంచకండి. ఉంచితే, వేరొకరి చిరునామాతో ముందే ఖాతా తెరిచి కూర్చున్నవాడి చేతికి, అసలు యజమాని లింకు నొక్కిన క్షణాన, ధ్రువీకరించిన ఖాతా దక్కుతుంది. లింకు నొక్కిన తరువాతే పాస్‌వర్డ్ పెట్టుకోమని అడగండి.